పేర్లు కొట్టించిన గిన్నెలు

తెలుగు బడి గది పోయింది గురువారం నాడు. హాలు నడిపేవాళ్ళు పంపిన ఉత్తరంలో నాలుగే వాక్యాలు. జనవరి నుంచి ఆదివారాలు హాలు వెనక గదిని ఉచితంగా వాడుకోవాలంటే తరగతికి కనీసం పదిమంది పిల్లలుండాలి. మీ పట్టీలో ఎనిమిదిమందే ఉన్నారు. నెలాఖరులోగా పది పేర్లు పంపగలిగితే మళ్ళీ పరిశీలిస్తాం. ఇన్నేళ్ళ మీ సేవకు కృతజ్ఞతలు.

ఆ బడి నడిపే కళావతి ఉత్తరాన్ని తను పనిచేసే హైస్కూలు స్టాఫ్ రూములో, తొమ్మిదో తరగతి లెక్కల పేపర్లు దిద్దుతూ చదివింది. మధ్యాహ్నం విరామం ఇంకా పదిహేను నిమిషాలుంది. ఉత్తరాన్ని మడిచి పేపర్ల అడుగున పెట్టి, చేతిలో ఉన్న పేపరు పూర్తిగా దిద్దింది. ఆ కుర్రాడు సగం లెక్క సరిగా చేసి, చివర గుర్తు మార్చడం మరిచిపోయాడు. సగం మార్కులు వేసింది.

నాలుగు గంటలకు కారు దగ్గరికి నడుస్తుంటే పాండురంగ ఫోను చేశాడు. ఆస్ట్రేలియా ఉత్తరపు కొసన ఉన్న ఈ డార్విన్ ఊరి తెలుగు సంఘానికి అతను ఆరేళ్ళుగా అధ్యక్షుడు. ఇంకెవరూ పోటీ చెయ్యరు గనక.

"మేడమ్, ఉత్తరం నాకు గూడ వచ్చింది. మీరేం ఫికర్ చెయ్యకుండ్రి. గుడ్ న్యూస్ చెప్తున్న. అమెరికా నుంచి ఒక ఫ్యామిలీ వస్తున్నది. రేపే. ఆయనకు మన ఆస్పత్రిల ఎక్స్‌రే డిపార్ట్‌మెంట్ ఆఫర్ ఉన్నది. నాలుగు రోజులు ఊరు చూసి పోతరు. ఇద్దరు పిల్లలు. ఎనిమిదికి రెండు కలిపితే ఎంత? లెక్కల టీచర్ మీరే."

"కలిస్తే పది. రాకపోతే ఎనిమిది."

"ఎందుకు రారు? మనం రప్పిద్దాం. వాళ్ళకు ఒక్కటే డౌటు. ఇక్కడ మనల్ని మంచిగ చూస్తరా లేదా అని. అక్కడ ఏదో అయిందట. అందుకే మీ ఇంట్లనే మొదటి భోజనం పెట్టిన. మీ చేతి వంట తిన్నంక ఎవడు పోతడు?"

అందరూ తిన్నారు, అందరూ పోయారు అనబోయి ఊరుకుంది.

"మొసళ్ళ సంగతి ఎత్తకుండ్రి. ఉక్క గురించి ఎత్తకుండ్రి."

"ఉక్క గురించి నేనెత్తడం దేనికి? విమానం తలుపు తీస్తే అదే చెబుతుంది."

"అది నిజమే. ఇంకోటి మేడమ్... గోపాలరావన్న సంగతి గూడ ఇప్పుడే వద్దు. మీ ఇంట్ల, హాల్ల ఫొటో ఉన్నది గదా, దండ తోని. కొత్తోళ్ళు. వచ్చుడు వచ్చుడే అది చూస్తే మనసు ఖరాబైతది. నాలుగు రోజులే."

కారు తలుపు పిడి ఎండకు కాలిపోతోంది. ఆమె చీర కొంగు చుట్టి తలుపు తీసింది.

"సరే," అంది.

పాండురంగకు తెలియని సంగతి ఒకటుంది. సిడ్నీ దగ్గర పారమట్టాలో ఒక పాఠశాల కళావతికి ఉద్యోగం ఇస్తామని సోమవారం రాసింది. వచ్చే బుధవారం సాయంత్రం ఐదింటిలోగా జవాబు చెప్పాలి. ఆగస్టులో, భర్త గోపాలరావు పోయిన ఐదో నెలలో, ఒక సెలవురోజున కూర్చుని దరఖాస్తు పెట్టింది. ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు కారులో కూర్చుని, ఏసీ చల్లబడేలోగా ఒక నిశ్చయానికి వచ్చింది. పది పేర్లు కుదిరితే ఉంటుంది. కుదరకపోతే వెళ్ళిపోతుంది. తన జీవితాన్ని ముక్కూమొహం తెలియని ఇద్దరు పిల్లల మీద పెట్టడం తెలివైన పని కాదని ఆమెకు తెలుసు. అయినా లెక్క తేలే దారి అదొక్కటే కనిపించింది.

*

శుక్రవారం బడి నుంచి తిన్నగా విమానాశ్రయానికి వెళ్ళింది. భానుప్రసాద్ పొడుగాటి మనిషి, మాట్లాడేముందు భార్య వైపు చూస్తాడు. అమృతకు నలభై నిండి ఉండవు. పదమూడేళ్ళ లిఖిత చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఉంది. తొమ్మిదేళ్ళ సాయితేజ సూట్‌కేసు మీద కూర్చుని ఉన్నాడు.

"నమస్తే ఆంటీ," అంది అమృత.

కళావతికి యాభై మూడు. లోపల లెక్క వేసుకుని, పైకి నమస్కారం పెట్టింది.

దారిలో అమృత వెనక సీటులోంచి భర్తతో మాట్లాడుతూనే ఉంది. "సిడ్నీలో పాస్‌పోర్ట్ చూసినతను నవ్వాడు కదా? కాఫీ షాపులో అమ్మాయి మనకంటే ముందు వెనక ఆవిడని అడిగింది, గమనించావా? కానీ అది చూసుకోక కూడా అయ్యుండొచ్చు. రెండున్నర వేస్తున్నా." ఆమె ఫోనులో ఒక పట్టిక ఉంది. మనిషి, చోటు, ఐదుకు ఎన్ని మార్కులు. కళావతి అద్దంలోంచి చూసింది. ముప్పై ఏళ్ళుగా మార్కులు వేస్తున్న మనిషికి అలాంటి పట్టికలమీద పెద్ద నమ్మకం ఉండదు.

"ఏమనుకోకండి ఆంటీ. అక్కడ మొన్న ఏప్రిల్లో ఒకటి జరిగింది. ఒహాయోలో మేం పద్నాలుగేళ్ళుగా ఉంటున్నాం. సరుకుల షాపు పార్కింగులో లిఖిత సామాన్ల ట్రాలీ తిరిగి పెట్టడానికి వెళ్ళింది. ఒకాయన కారు అద్దం దించి, మీ దేశానికి పో అన్నాడు. అది అక్కడే పుట్టింది."

"మామ్, ప్లీజ్," అంది లిఖిత. హెడ్‌ఫోన్లు పెట్టుకున్నా వినిపిస్తూనే ఉందన్నమాట.

"అప్పట్నుంచి నాకు అదో అలవాటైపోయింది. ఎక్కడికెళ్ళినా చూసుకుంటున్నా."

కళావతి ఎర్ర దీపం దగ్గర ఆగింది. ఏదైనా అనాలి. పాండురంగ అయితే వెంటనే ఏదో అనేవాడు. దీపం మారాక కారు నెమ్మదిగా పోనిచ్చింది.

వాళ్ళను ఆస్పత్రివాళ్ళిచ్చిన ఫ్లాటులో దింపి, ఇంటికి వచ్చి, మొదట హాల్లో గోపాలరావు ఫొటో దించింది. దండలో రెండు పూలు రాలాయి. వాటిని ఏరి, ఫొటోను పడకగది అలమరలో చీరల మధ్య పెట్టింది. తలుపు వేసి, మళ్ళీ తీసి, ముఖం పైకి ఉండేలా తిప్పిపెట్టి వేసింది. తర్వాత వంటకు పూనుకుంది. గుత్తివంకాయ, పప్పుచారు, మామిడికాయ పచ్చడి. నవంబరులో ఇక్కడ ఏ పెరట్లో చూసినా మామిడికాయలే.

వడ్డన గిన్నెలు కారుషెడ్డులోని పెట్టెలో ఉంటాయి. అది సంఘం పెట్టె. ఊరు విడిచి వెళ్ళేవాళ్ళు కుక్కర్లు, గిన్నెలు అందులో వదిలిపోతారు, కొత్తగా వచ్చేవాళ్ళు సామాను చేరేదాకా వాడుకుంటారు. గోపాలరావు ఉన్నప్పుడు పెట్టె అతనే మోసుకొచ్చేవాడు. ఆమె పెట్టెను కదపకుండా గిన్నెలు ఒక్కొక్కటే తీసి, మూడుసార్లు తిరిగి వంటింట్లోకి చేర్చింది.

ఏడింటికి అతిథులు వచ్చారు. పక్కింటి ట్రెవర్ కంచె దగ్గర గొట్టంతో మొక్కలకు నీళ్ళు పెడుతున్నాడు. చెప్పులు లేవు, చొక్కా లేదు. భానుప్రసాద్‌ను చూసి చెయ్యెత్తాడు.

"గుడే మేట్. హౌ లాంగ్ యూ అప్ ఫర్?"

భానుప్రసాద్ ముఖం మారింది. "ఫోర్ డేస్," అని, కాస్త ఆగి, "జస్ట్ విజిటింగ్," అన్నాడు.

ట్రెవర్ తల ఊపి నీళ్ళ వైపు తిరిగిపోయాడు. అమృత ఫోను తీసింది.

"వచ్చీ రాగానే ఎప్పుడు పోతావని అడిగాడు," అంది లోపలికి వచ్చాక. "ఒకటి. ఒకటి కూడా ఎక్కువేమో."

"అది ఇక్కడ అందర్నీ అడుగుతారమ్మా," అంది కళావతి విస్తరాకులాంటి కాగితపు పళ్ళేలు సర్దుతూ. "తెల్లవాళ్ళనైతే ఇంకా ముందు అడుగుతారు. నన్నూ అడిగారు. ఐదేళ్ళపాటు కోపం వచ్చేది నాకు."

"ఆరో ఏడు?"

"ఆరో ఏడు నేనే అడగడం మొదలుపెట్టాను."

భానుప్రసాద్ నవ్వాడు. అమృత నవ్వలేదు, కళావతి వైపు కాస్త ఎక్కువసేపు చూసింది.

"మీ బడిలో ఎలా ఉంటుంది ఆంటీ? నిజం చెప్పండి."

"వచ్చిన ఏడాది ఒకాయన నేను గదులు ఊడ్చే మనిషిననుకుని స్టోర్ రూము తాళం అడిగాడు. ఇప్పుడు ఆయనే ఈస్టరుకు చాక్లెట్లు ఇస్తాడు. రెండూ నిజమే. దీనికి ఐదుకెన్ని వేస్తారు?"

అప్పుడే పాండురంగ ఐస్‌క్రీము డబ్బాతో వచ్చాడు గనక ఆ ప్రశ్న అక్కడే ఆగిపోయింది. అతను గోడమీద ఖాళీ మేకును చూశాడు. కళావతి వైపు చూసి మెచ్చుకోలుగా తల ఊపాడు. ఆమెకు చేతిలో గరిటె విసిరెయ్యాలనిపించింది. పప్పుచారు కలియబెట్టింది.

వెళ్ళేటప్పుడు మిగిలిన కూర, పచ్చడి, అన్నం ఐదు గిన్నెల్లో పెట్టి ఇచ్చింది. రేపు మధ్యాహ్నానికి పిల్లలకు పనికొస్తుందని.

*

శనివారం పాండురంగ స్వాగత సభ సముద్రం ఒడ్డున పచ్చిక మీద పెట్టాడు. ఊళ్ళో ఉన్న పదకొండు కుటుంబాలకూ ముందురోజే సందేశం వెళ్ళింది. నాలుగున్నరకల్లా రావాలి. నవ్వుతూ ఉండాలి. ప్రతివాళ్ళూ వెళ్ళి కనీసం ఐదు నిమిషాలు మాట్లాడాలి. కరెంటు బిల్లుల గురించి మాట్లాడరాదు.

అతను తన వ్యానును తీసుకొచ్చి నీళ్ళకు ఎదురుగా, మొసళ్ళున్నాయి జాగ్రత్త అనే పసుపు పలకకు అడ్డంగా ఆపాడు.

"ఫైను వేస్తారు పాండురంగా. పచ్చిక మీద బండి ఆపకూడదు."

"వెయ్యనీ మేడమ్. క్లాసు గది దక్కితే ఫైనుదేమున్నది?"

చెమటకు అందరి బట్టలూ ఒంటికి అంటుకుపోయాయి. ఆకాశం నల్లగా కమ్ముకుని, ఉరిమి, ఒక్క చుక్కైనా రాల్చలేదు. రోజూ ఇదే వరస. పదకొండు కుటుంబాలవాళ్ళు వంతులవారీగా వచ్చి అమృత ముందు నిలబడ్డారు. "ఇక్కడ చాలా బాగుంటుందండీ." "మనవాళ్ళంతా ఒకే కుటుంబంలాగా ఉంటామండీ." "తెల్లవాళ్ళు బంగారం." అమృత ప్రతివాళ్ళకూ ధన్యవాదాలు చెబుతోంది. మొదట్లో ఫోనులో మార్కులు వేసింది. తర్వాత వెయ్యడం మానేసింది.

"మీరొచ్చి ఎన్నాళ్ళయిందండీ?" అని ఆమె ఒకరిని అడగడం కళావతి వింది.

"ఏడాదిన్నర."

తర్వాతివాళ్ళను అడిగింది. "ఎనిమిది నెలలు." ఆ తర్వాత, "రెండేళ్ళు, మార్చికి మూడు."

"మార్చికి మూడు" అన్న ఆ అమ్మాయి ముఖం అది చెబుతున్నప్పుడు వెలిగింది. కళావతి పకోడీల పళ్ళెం అందుకుని వాళ్ళ మధ్యకు వెళ్ళి, "తీసుకోండి, చల్లారిపోతాయి," అంది. ఆ ఉక్కలో ఏదీ చల్లారదు.

ఇంతలో వ్యాను వెనకనుంచి సాయితేజ కేక వినిపించింది. "డాడ్! దేరీజ్ ఎ క్రోకడైల్ సైన్! రియల్ క్రోకడైల్స్! దిస్ ప్లేస్ ఈజ్ ఆసమ్!"

పాండురంగ తల పట్టుకున్నాడు. ఆ సాయంత్రం ఎవరూ చెప్పించకుండా ఊరిని మెచ్చుకున్నది ఆ పిల్లవాడొక్కడే.

*

ఏడవుతుండగా అమృత ఒక్కతే టాక్సీలో కళావతి ఇంటికి వచ్చింది, గిన్నెలు తిరిగి ఇవ్వడానికి. ఖాళీగా ఇవ్వకూడదని ఒక్కోదానిలో గుప్పెడు చాక్లెట్లు పోసి తెచ్చింది. ఒహాయో నుంచి మోసుకొచ్చినవట.

"ఇంత అలవాటు ఎలా నిలబెట్టుకున్నావమ్మా అక్కడ?"

"మా అమ్మ ఫోనులో తిడుతుంది ఆంటీ." ఆమె చాక్లెట్లను పళ్ళెంలో పోసి, ఐదు గిన్నెలనూ వంటింటి బల్ల మీద వరసగా పెట్టింది. తర్వాత ఒక్కొక్కదాన్ని తిప్పి, అంచుమీద చుక్కలుచుక్కలుగా కొట్టించిన అక్షరాలు ఎదురుగా వచ్చేలా సర్దింది. "కడుగుతుంటే చూశాను. ఇది అలివేలు, సత్తెనపల్లి. ఈవిడ ఎవరు?"

"ఇక్కడే ఉండేది. ఇప్పుడు సిడ్నీలో, కెల్లీవిల్."

"వసంత వివాహ సందర్భంగా పిన్నిగారు."

"వసంత పారమట్టాలో ఉంది."

"ద్వారకానాథ్ గృహప్రవేశం."

"ఆ గృహం బెజవాడది. వాళ్ళు మెల్‌బోర్న్ వెళ్ళారు."

"సత్యభామ."

"కెల్లీవిల్. అలివేలు వీధిలోనే."

"ఇది భీమయ్య."

"అతని వీసా మూడేళ్ళ గడువు నిరుడు జూన్ పద్నాలుగుకు పూర్తయింది. పదహారున లారీ వచ్చింది."

అమృత కుర్చీ లాక్కుని కూర్చుంది. "అయితే ఈ సాయంత్రం నాతో మాట్లాడినవాళ్ళంతా..."

కళావతి పొయ్యి మీద టీకి నీళ్ళు పెట్టింది. పాండురంగ చెప్పిన మాటలన్నీ గుర్తున్నాయి. ఆ రెండు పేర్లూ గుర్తున్నాయి, లిఖిత, సాయితేజ. నిన్న రాత్రి పట్టీలో తొమ్మిదీ పదీ అంకెల పక్కన వాటిని పెన్సిలుతో రాసి చూసుకుంది కూడా. అల్లం దంచింది. అవసరమైన దానికంటే ఎక్కువసేపు దంచింది.

"ఇక్కడికి వచ్చేవాళ్ళది చాలామందిదీ మారుమూల ప్రాంతాల వీసా. మూడేళ్ళు ఉంటే పర్మనెంట్ వస్తుంది. వచ్చాక ఆగరు. వాళ్ళ తప్పేమీ లేదు. అక్కడ గుళ్ళున్నాయి, సంగీతం క్లాసులున్నాయి, పిల్లలకు కాలేజీలున్నాయి. నువ్వు అందర్నీ అడుగుతున్నావు గదా, ఇక్కడ ఆదరిస్తారా అని. ఆదరిస్తారు. ఆ పని మాకు బాగా వచ్చు. విమానాశ్రయానికి ఎవరెళ్ళాలి, మొదటి భోజనం ఎవరింట్లో, కుక్కరు ఎవరిస్తారు, అంతా రాసిపెట్టి ఉంటుంది. తెల్లవాళ్ళూ ఆదరిస్తారు. కాకపోతే ఎవరూ ఎవరికీ దగ్గరవరు. ఎందుకంటే వెళ్ళిపోతారని అందరికీ తెలుసు."

"మీరెళ్ళలేదుగా."

"మావారికి ఈ ఊరు నచ్చింది." టీ రెండు గ్లాసుల్లో పోసింది. "మార్చిలో ఆయన పోయారు. ఆరోజు ఈ ఇంటికి పదిహేనుమంది వచ్చారు. మంచివాళ్ళే, వంటలు తెచ్చారు, ఇల్లు ఊడ్చారు. అందులో ఆయన్ని రెండేళ్ళకు మించి ఎరిగినవాళ్ళు ఇద్దరు. పాండురంగ, నిన్న నువ్వు ఒక మార్కు వేసిన ట్రెవర్. ఈ గిన్నెల మీద పేర్లవాళ్ళు ఫోనులో పూల బొమ్మలు పంపారు. అలివేలు పురుటికి నేను నెలరోజులు వండి పెట్టాను. పువ్వే పంపింది."

అమృత టీ గ్లాసు దగ్గరికి లాక్కుంది. ఓదార్పు మాటేదీ రాకపోవడం కళావతికి కొంచెం మేలనిపించింది.

"ఫొటో లేదేం?" అంది అమృత, గోడమీద మేకును చూస్తూ.

"లోపల పెట్టాను. మీ మనసు పాడవుతుందని."

"మీ మనసో?"

కళావతి గ్లాసులు కడగడానికి లేచింది. టాక్సీ వచ్చాక అమృత గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటూ, "వెళ్ళొస్తాను టీచర్‌గారూ," అంది. ఆంటీ అనలేదు.

ఆమె వెళ్ళాక కళావతి ఫొటో తెచ్చి తగిలించింది. ఎటు సర్దినా కాస్త ఎడమకు ఒరుగుతూనే ఉంది. అలాగే వదిలేసి, పట్టీ తీసి, ఆ రెండు పేర్లూ రబ్బరుతో చెరిపేసింది.

*

ఆదివారం తొమ్మిదిన్నరకు హాలు వెనక గది తాళం తీసింది. కుర్చీలు వరసగా రావడానికి గోపాలరావు నేలమీద అంటించిన నీలం టేపు అక్కడక్కడ లేచిపోయింది. గోటితో అదిమింది. ఎనిమిది కుర్చీలు వేసింది.

పాండురంగ స్వాగతం అని రాసిన గుడ్డ పట్టుకుని వచ్చాడు. గది మూలకు వచ్చి గొంతు తగ్గించాడు. "ఏం చెప్పిండ్రు మేడమ్ మీరు ఆమెకు? పొద్దున్నే ఫోన్ చేసి, మీరు ఊళ్ళో ఎన్నేళ్ళున్నరు, ఎంతమంది వచ్చిండ్రు, ఎంతమంది పోయిండ్రు, అన్నీ అడిగింది. సర్కారోళ్ళు గూడ గట్ల అడగరు."

"అడిగినదానికి చెప్పాను."

"అడిగితే మాత్రం? నాలుగు రోజులు ఆగకపోతిరి. నేను వ్యాను అడ్డం పెట్టి, నూట ఎనభై డాలర్లు ఫైను గట్టి..."

"నిజంగానే వేశారా?"

"వేసిండ్రు."

ఆమెకు నవ్వు వచ్చింది. మార్చి తర్వాత అలా నవ్వు రావడం ఇదే మొదలు, అదీ వేళకాని వేళ. పాండురంగ కోపంగా గుడ్డను మేకుకు కట్టాడు. ఒక కొస జారి వేలాడింది.

అమెరికావాళ్ళు పదింటికి వచ్చారు. రారనుకుంది. పెద్దవాళ్ళిద్దరూ వెనక నిలబడ్డారు. సాయితేజకు మార్కరు పెన్ను ఇస్తే బోర్డు మీద మొసలి బొమ్మ గీశాడు. కళావతి ఆ బొమ్మ కింద "మొసలి" అని రాసి, మొదటి అక్షరాన్ని పిల్లలందరిచేతా గాలిలో దిద్దించింది. లిఖిత కిటికీ పక్కన కూర్చుని కాసేపు చూసింది. తర్వాత హెడ్‌ఫోన్లు మెడమీదికి జార్చి, ఆరేళ్ళ పిల్లకు కాగితం కదలకుండా పట్టుకుంది.

క్లాసు అయ్యాక కుర్చీలు పేర్చడానికి సాయం వచ్చింది.

"ఈజ్ దిస్ ఎవ్రీబడీ, ఆంటీ?"

"అంతే. ఎనిమిదిమంది."

"నిన్న అందరూ సూపర్ నైస్‌గా ఉన్నారు. లైక్, స్కేరీ నైస్." లిఖిత కుర్చీని పైన పెట్టి, సరిగా కూర్చుందో లేదో చూసింది. "యూ వర్ నాట్. ఐ మీన్, ఇన్ ఎ గుడ్ వే."

కళావతి ఇంకో కుర్చీ అందిస్తూ, "ఆ కుర్చీ కాలు వదులు, జాగ్రత్త," అంది.

*

సోమవారం పాండురంగ వాళ్ళను విమానం ఎక్కించాడు. మంగళవారం నాలుగున్నరకు, కళావతి బడి నుంచి వచ్చి ఇంకా సంచీ దించకముందే అమృత ఫోను వచ్చింది. సిడ్నీలో ఉన్నారట, గురువారం అమెరికా తిరుగు ప్రయాణం.

"టీచర్‌గారూ, భాను శుక్రవారంలోగా ఆస్పత్రివాళ్ళకు చెప్పాలి. ఇవాళ కెల్లీవిల్ వెళ్ళాం. పాండురంగగారు నంబరిస్తే మీ అలివేలుగారిని కూడా చూశాం. చాలా బాగా మాట్లాడారు. భోజనం పెట్టారు. మీ గురించి అడిగితే, పాపం చాలా మంచావిడ అన్నారు. ఇల్లంతా చూపించారు. నాకెందుకో ఊపిరాడలేదు."

"కెల్లీవిల్ బాగుంటుందమ్మా. పిల్లలకు..."

"ఒక్క నిమిషం చెప్పనివ్వండి. ఆ పట్టిక తీసేశాను. అందర్నీ ఒకే ప్రశ్న అడుగుతూ వచ్చాను, మమ్మల్ని ఎలా చూస్తారని. మీరు చెప్పాక అది కాదనిపించింది నాకు. మాకు ఏదైనా అయితే, ఏడాది పైబడి మమ్మల్ని ఎరిగినవాళ్ళు ఒక్కరైనా ఉంటారా అన్నది ప్రశ్న. ఒహాయోలో పద్నాలుగేళ్ళుండి కూడా, ఆరోజు పార్కింగులో ఆ మాట విన్నాక ఎవరింటికి వెళ్ళాలో మాకు తెలియలేదు. ఇంటికే వెళ్ళాం."

అవతల సాయితేజ ఏదో అడుగుతున్నాడు. అమృత వాణ్ని ఆగమంది.

"మాది మూడేళ్ళ లెక్క కాదు. లిఖిత స్కూలు అయ్యేదాకా ఒకేచోట ఉండాలి. ఐదేళ్ళు. దానికి ఇంకోసారి బడి మార్చలేను. అందుకని అడుగుతున్నాను. మీరుంటారా?"

"నేనా?"

"మీరుంటే వస్తాం. లిఖిత కూడా అదే అంది. లేకపోతే మాకు కెల్లీవిల్‌కీ డార్విన్‌కీ తేడా లేదు, అక్కడ కనీసం చల్లగానైనా ఉంది."

కళావతి సంచీ ఇంకా భుజానే ఉంది. అందులో దిద్దవలసిన పేపర్లు ఇరవై ఎనిమిది. మీరు వస్తేనే నేనుంటాను అని చెప్పడానికి ఏ మాట సరిపోతుందో వెతికింది. అది నిజం. కానీ అలా చెబితే ఇద్దరూ ఒకరి భుజం మీద ఒకరు చెయ్యి వేసి, ఎవరూ నడవకుండా నిలబడిపోయినట్టు ఉంటుంది. ఆదరిస్తారా అని అడిగినవాళ్ళకు ఇన్నేళ్ళలో లెక్కలేనన్నిసార్లు జవాబు చెప్పింది. ఉంటావా అని తనను అడిగినవాళ్ళు లేరు. గోపాలరావు కూడా అడగలేదు. అతను ఉండిపోయాడు, ఆమె కూడా ఉండిపోయింది.

"ఆలోచించి చెబుతానమ్మా," అంది. ఫోను పెట్టేశాక ఆ మాట విని తనకే విసుగు వచ్చింది.

బుధవారం మూడో పీరియడు ఖాళీ ఉన్నప్పుడు పారమట్టాకు ఫోను చేసి, ఇంకో రెండు రోజులు గడువు అడిగింది. అవతలి అమ్మాయి మర్యాదగానే శుక్రవారం ఐదు గంటలవరకు ఇచ్చి, కారణం రాసుకోవాలి అంది. ఇంటి విషయం అని చెప్పింది కళావతి. అబద్ధమేమీ కాదనిపించింది.

సాయంత్రం పాండురంగ ఫోను చేశాడు.

"ఏమన్నరు మేడమ్ వాళ్ళు? వస్తరా, రారా?"

"నన్ను అడుగుతున్నారు పాండురంగా."

"మిమ్మల్నేమడుగుతరు?"

"నేనుంటానా అని."

"గదేం ప్రశ్న? మీరెక్కడికి పోతరు?" అని నవ్వాడు. ఆమె నవ్వకపోయేసరికి ఆ నవ్వు కొంచెం కొంచెంగా ఆగిపోయింది. "మేడమ్," అన్నాడు చివరికి, చిన్న గొంతుతో. "నాకు గూడ చెప్పలేదు మీరు."

"నాకే తెలిస్తే కదా చెప్పడానికి."

ఆమె ఫోను బల్లమీద పెట్టి, పేపర్లు ముందుకు లాక్కుంది. తొమ్మిదింటిదాకా దిద్ది, మార్కులు ఎక్కించి, కట్ట కట్టింది. శుక్రవారానికి ఇంకా రెండు రోజులున్నాయి. పారమట్టాకు జవాబు రాయలేదు. అమృతకు చెప్పలేదు. హాలుకు పంపవలసిన కాగితం మీద ఎనిమిది పేర్లే ఉన్నాయి.